నూటికి రెండు రూపాయల వడ్డీ ఏ పుస్తకంలో ఉంది?

డబ్బు మాట వచ్చేసరికి మన వైపు ఇళ్లల్లో గొంతులు తగ్గిపోతాయి, గమనించారా? పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం ఎంతని అడుగుతారు గానీ, ఆ ఇంటికి అప్పెంతుందో అడిగేవాళ్లుండరు. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటాం, ట్యూషన్లు పెట్టిస్తాం. నోటు ఎవరి పేర రాశామో, చీటీ ఎన్నో నెలలో పాడామో మాత్రం వాళ్ల చెవిన పడనివ్వం. ఆ పిల్లలే ఉద్యోగంలో చేరి, మొదటి జీతం చేతికొచ్చాక, ఈ డబ్బు సంగతేమిటో తెలుసుకుందామని పుస్తకాల షాపు మెట్లెక్కుతారు. మన కబుర్లు కూడా అక్కడి నుంచే మొదలుపెడదాం.

విజయవాడ ఏలూరు రోడ్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. 1989 నుంచీ జనవరి వచ్చిందంటే పుస్తక ప్రదర్శనకి జనం కదిలే ఊరు మనది. కొత్త పుస్తకం కొనలేకపోతే లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లున్నాయి. ఇప్పుడు ఈ షాపుల్లో అడగ్గానే తీసిచ్చే పుస్తకాల్లో డబ్బు పుస్తకాలు తప్పకుండా ఉంటాయి. ‘రిచ్ డాడ్ పూర్ డాడ్’, ‘రిచెస్ట్ మ్యాన్ ఇన్ బాబిలోన్’, ‘సైకాలజీ ఆఫ్ మనీ’... అన్నీ తెలుగులోకి వచ్చేశాయి. మీ అబ్బాయో అమ్మాయో వీటిలో ఒకటి కొనిపెట్టమంటే ఏది కొనాలంటారా?

నన్నడిగితే ముందు బాబిలోన్ పుస్తకం కొనండి. జార్జ్ క్లేసన్ అనే ఆయన రాసింది, 1926లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు అవి విడివిడి కరపత్రాలు. అమెరికాలో బ్యాంకులూ, ఇన్సూరెన్సు కంపెనీలూ తమ ఖాతాదార్లకి పంచిపెట్టేవి. అందుకే చిన్నచిన్న కథలు, తేలిక మాటలు. వచ్చినదాంట్లో పదో వంతు ముందు పక్కన పెట్టు, తర్వాతే ఖర్చుపెట్టు అన్నది సారాంశం. ఆ తర్వాత మోర్గన్ హౌసెల్ 2020లో రాసిన ‘సైకాలజీ ఆఫ్ మనీ’. తెలివైనవాళ్లు కూడా డబ్బు దగ్గర ఎందుకు తప్పటడుగులు వేస్తారో చక్కగా చెప్పాడు. కియోసాకి ‘రిచ్ డాడ్’ని మాత్రం మొదటి పుస్తకంగా ఎవరి చేతికీ ఇవ్వను. ఆస్తికీ అప్పుకీ తేడా చూపించిన మాట నిజమే గానీ, అప్పు చేసి స్థలాలు కొనెయ్యాలన్న ఊపు కూడా దాంతోపాటే వస్తుంది. 2014 తర్వాత రాజధాని పేరు చెప్పి మన చుట్టుపక్కల భూముల ధరలు ఎలా ఎగిరాయో, తర్వాత ఎలా చతికిలబడ్డాయో చూసినవాళ్లం. ఆ ఊపు ఇక్కడ ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు.

తెలుగువాళ్లు రాసినవి లేవా అంటే ఉన్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటు. బ్యాంకు కొలువు చేసినవారు. డబ్బు మీద ఏకంగా నవలే రాశారు. ఆయన ‘విజయానికి ఐదు మెట్లు’ చదవని డిగ్రీ కుర్రాడు ఒకప్పుడు లేడు. దినపత్రికల్లో వారానికోసారి మ్యూచువల్ ఫండ్ల మీదా, పన్నుల మీదా వ్యాసాలొస్తున్నాయి. మంచిదే. అయినా ఒక పెద్ద వెలితి ఉంది. అదే మీతో చెప్పాలని ఇంత ముందుమాట.

దివిసీమలో నాలుగెకరాలు కౌలుకి చేసే రైతు ఉన్నాడనుకోండి. నాట్ల ముందు లక్ష రూపాయలు కావాలి. ఊళ్లో ఒకాయన ఇస్తాడు, నోటు రాయించుకుంటాడు. నోటు ఫారం పది రూపాయల్లోపే దొరుకుతుంది, అచ్చేసి ఉంటుంది. పైన ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు. కింద అసలు అంకెల్లో, అక్షరాల్లో. ఆ తర్వాత వడ్డీ: నూటికి నెలకి రెండు రూపాయలు. చివర్లో రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. మధ్యలో, కోరినప్పుడు మీకు గానీ మీ అనుమతి పొందినవారికి గానీ చెల్లిస్తానని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు. దానర్థం ఆ నోటు చేతులు మారొచ్చని. ఇవాళ అప్పిచ్చినాయన మీ మేనమామకి స్నేహితుడే కావచ్చు. రేపు ఆ నోటు పట్టుకుని వచ్చేది మీరెప్పుడూ చూడని మనిషి కావచ్చు.

రెండు రూపాయల వడ్డీ అంటే చెవికి ఎంత చిన్నగా ఉంటుందో! ఏడాదికి 24 శాతం. లక్షకి నెలకి రెండు వేలు, ఏడాదికి 24 వేలు. బారు వడ్డీ అయితే మూడేళ్లకి 72 వేలు. ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తే, అంటే చక్రవడ్డీ అయితే, మూడేళ్లకి మొత్తం బాకీ 1,90,662 రూపాయలు. పంట రుణం దొరికిన రైతుకి అదే లక్ష ఎంతకి వస్తుందో చూడండి. మూడు లక్షల దాకా ఏడు శాతం, గడువులోగా కట్టేస్తే మూడు శాతం తగ్గింపు. అంటే నాలుగు శాతం, ఏడాదికి నాలుగు వేలు. ఒకే కాలవ నీళ్లు పారే రెండు పక్కపక్క చేలల్లో, ఒకే వరికి, ఒకే లక్ష మీద ఇరవై వేల తేడా! పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాడికి బ్యాంకు మేనేజరు కుర్చీ వేస్తాడు. కౌలు రైతుకి సాగు హక్కు కార్డు కావాలి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి. చాలామంది ఒప్పుకోరు. ఈ బాధకి బాబిలోన్ కథల్లో మందు లేదు. పదో వంతు పక్కన పెట్టడానికి ఆ రైతు చేతిలో మిగిలేదేమిటి?

ఇంకో రెండు సంగతులున్నాయి, ఇవి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. నోటుకి మూడేళ్లు కాలపరిమితి. ఆలోపు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అప్పిచ్చినవాళ్లకి ఇది కంఠతా వచ్చు, తీసుకున్నవాళ్లకి రాదు. రెండోది, కట్టిన ప్రతి పైసాకీ చెల్లు రాయించుకోవాలి. నమ్మకం మీద కట్టుకుంటూ పోయి, చివరికి కోర్టులో చూపించడానికి ఒక్క కాగితం లేక నిలబడినవాళ్లు ఎంతమందో. ఖాళీ నోటు మీద సంతకం పెట్టడం, తేదీ వెయ్యని చెక్కులు ఇవ్వడం ఇంకా ఘోరం. 2015 డిసెంబర్లో విజయవాడలో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం, అదే అధిక వడ్డీ అప్పుల దందా, గుర్తుంది కదా? అక్కడ ఆడవాళ్లని ఇరికించి వేధించడానికి వాడుకున్నవి ఇలాంటి కాగితాలే.

చీటీ మాట కూడా అనుకుందాం. ఇరవై మంది, నెలకి అయిదు వేలు, లక్ష రూపాయల చీటీ. నాలుగో నెలలో ఒకావిడ అమ్మాయి ఫీజు కోసం ముప్పై వేలు తగ్గించుకుని పాడింది. చేతికి 70 వేలు వచ్చాయి. ఆ ముప్పైలో అయిదు వేలు నిర్వాహకుడి కమీషన్ పోగా మిగిలిన పాతిక వేలు ఇరవై మందికీ తలా 1,250. ఆ నెల ప్రతివాళ్లూ కట్టేది 3,750. ఇందులో ఆవిడకి పడ్డ వడ్డీ ఎంత? చివరిదాకా పాడకుండా ఉన్నాయనకి వచ్చిన లాభం ఎంత? ఇది లెక్కగట్టి చూపించే పది పేజీల తెలుగు పుస్తకం ఒక్కటి ఉంటే ఎంత బాగుండును! చీటీలకి 1982 చట్టం ఉందనీ, రిజిస్టరు చెయ్యని చీటీ నేరమనీ చెప్పేది కూడా ఆ పుస్తకమే కావాలి.

మనవాళ్లకి లెక్కలు రాక కాదండీ. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. ఆ సంస్కృత మూలంలో వడ్డీ లెక్కలకే బోలెడంత చోటుంది. తొమ్మిదొందల ఏళ్ల పైమాట! ఇక అప్పు చేసి ఆడంబరాలకి పోవద్దన్న సుమతీ శతకం పద్యం రాని తెలుగువాడెవరు?

చదువు, డబ్బు కలిసి నడిచిన చోటు మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే ఒకటుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు డాక్టరు. మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టి, తర్వాత దాన్ని వదిలేసి దేశం పనిలో దిగారు. అలాంటాయన 1923 నవంబర్ 20న అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు చేయించి, ఎనిమిది రోజులకే, 28న తలుపులు తెరిచారు. చేతిలో ఉన్న మూలధనం లక్ష రూపాయలు. అక్కడితో ఆగలేదు, ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా పెట్టారు. 1956లో జీవిత బీమా అంతా ప్రభుత్వ పరమై ఎల్‌ఐసీ ఏర్పడింది. ఇవాళ్టికీ ఎల్‌ఐసీ డివిజన్ ఆఫీసు ఒకటి మచిలీపట్నంలో ఉంది. ఆంధ్రా బ్యాంకు పేరు మాత్రం 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ బోర్డు దించేసిన రోజున ఈ జిల్లాలో చాలామందికి సొంత మనిషి పోయినట్టే అనిపించింది, నాకూ అనిపించింది.

డ్వాక్రా సంఘాల ఆడవాళ్లని చూడండి. వాళ్ల తీర్మానాల పుస్తకం తెరిస్తే నాకెంతో గౌరవం కలుగుతుంది. సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి కట్టడం, లెక్కలు రాయడం – ఈ అయిదూ క్రమం తప్పకూడదని పంచసూత్రాలు పెట్టుకున్నారు. ఎవరెంత పొదుపు కట్టారు, ఎవరికెంత ఇచ్చారు, ఎందుకిచ్చారు, అన్నీ చేత్తో రాసి సంతకాలో వేలిముద్రలో వేసుకుంటారు. నేను చూసిన డబ్బు పుస్తకాల్లో ఇంత నిజాయితీగా ఉన్నది ఇంకోటి లేదు. సంఘం బయట చేసిన అప్పుల కథ వేరు. ఇదే కృష్ణా జిల్లాలో 2006లో మైక్రోఫైనాన్సు కంపెనీల వసూళ్ల వేధింపులు శ్రుతిమించితే అధికారులు యాభై దాకా బ్రాంచీలు మూయించారు. వారం వారం కిస్తీ కడుతున్నామని తెలుసు గానీ, ఏడాదికి ఎంత శాతం పడుతోందో కట్టేవాళ్లకి తెలియదు.

దాచుకున్నవాళ్ల కష్టం ఇంకో రకం. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో అనేక రాష్ట్రాల నుంచి దాదాపు 32 లక్షల మంది డబ్బు కట్టారు, ఆరు వేల కోట్ల పైన. 2014–15లో చెల్లింపులు ఆగిపోయాయి. చిన్న మొత్తాల వాళ్లకి ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు ఇచ్చింది. కట్టినవాళ్లలో కూలీలు, తోపుడుబండ్ల వాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఎందరో. కట్టించుకున్న ఏజెంటు వాళ్ల వీధివాడే, చాలాసార్లు చుట్టమే. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ కంపెనీకి జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందా? అది చూసుకోవడానికి రిజర్వు బ్యాంకు 2016లో ‘సచేత్’ అని వెబ్‌సైటు పెట్టింది. బ్యాంకులో వేసిన డబ్బుకైతే 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల దాకా బీమా ఉంది.

మరి ఎవరు ఏం చదవాలి? రిటైరైన నాన్నగారికి రిజర్వు బ్యాంకు 2022లో వేసిన ‘రాజు అండ్ ది ఫార్టీ థీవ్స్’ ఇవ్వండి. ఫోన్లో ఓటీపీ అడిగేవాడి నుంచి నలభై రకాల మోసాలు బొమ్మలతో ఉంటాయి, పైసా ఖర్చు లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకి పైన చెప్పిన రెండు పుస్తకాలూ, తర్వాత మోనికా హాలన్ ‘లెట్స్ టాక్ మనీ’. అది 2018లో మన దేశపు జీతగాళ్ల కోసం ఇంగ్లీషులో రాసింది. పాలసీ తీసుకున్న ప్రతివాళ్లూ మాత్రం ముందు ఆ పాలసీ బాండే చదవాలి. నచ్చకపోతే వెనక్కిచ్చెయ్యడానికి చేతికందాక 30 రోజులు గడువుంది. బీరువాలో పట్టుచీరల కింద పెట్టేస్తే ఆ గడువు అక్కడే గడిచిపోతుంది.

కౌలు రైతుకి, చీటీ పాడిన ఆవిడకి, నోటు మీద సంతకం పెట్టబోతున్న కుర్రాడికి ఇవ్వడానికి మాత్రం నా దగ్గర ఏ పుస్తకమూ లేదు. ఉండాలి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఇదే విజయవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల మహాసభ జరిపించారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవ మీద పుస్తకాలు పెట్టి కృష్ణా కాలవ వెంట ఊరూరా తిప్పారు. జనం దగ్గరకి పుస్తకం తీసుకెళ్లడం ఈ డెల్టాకి తెలిసిన పనే.

ఇది చదువుతున్నవారిలో బ్యాంకులోనో, సహకార సంఘంలోనో, ఎల్‌ఐసీలోనో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనవాళ్లు తప్పకుండా ఉంటారు. కోర్టులో నోటు దావాలు నడిపిన ప్లీడర్లూ ఉంటారు. అయ్యా, అమ్మా, మీకు తెలిసింది రాయండి. అరవై పేజీలు చాలు. వడ్డీ పట్టికలు, నోటు నమూనా, చెల్లు రాసే పద్ధతి, చీటీ లెక్క, సాగు హక్కు కార్డు దరఖాస్తు ఉంటే చాలు. అచ్చువెయ్యడానికి ఏలూరు రోడ్డు మీద పబ్లిషర్లున్నారు, పంచడానికి ఊరూరా సహకార సంఘాలున్నాయి. వచ్చే జనవరి పుస్తక ప్రదర్శనకి అది స్టాల్లో ఉండేలా చూడండి.