తలుగు

గజేంద్రమోక్షం పాఠం చెప్పడమంటే నాకు మొదటినుంచీ ప్రీతి. పోతనగారి బమ్మెర మన పాత వరంగల్లు జిల్లాలోనిదే కనుక, మనవాడన్న చనువు కూడా అందుకొక కారణం కావచ్చు. మడుగులో చిక్కిన ఏనుగు మొర చెవిని పడగానే విష్ణుమూర్తి శంఖచక్రాల మాట మరచి, పక్కనున్న లక్ష్మీదేవితోనైనా చెప్పక బయలుదేరిన ఘట్టం వచ్చేసరికి ఎంత అల్లరి తరగతి అయినా నిశ్శబ్దమైపోతుంది. 2023 జూలై తరువాత మాత్రం ఆ ఘట్టం దగ్గర నాకే మాట తడబడుతున్నది. దానికి కారణం ఒక మేక.

ఆ ఏడు జూలై 26 రాత్రి ఆకాశానికి చిల్లుపడినట్లే అయింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 64.98 సెంటీమీటర్ల వర్షం కురిసిందనీ, తెలంగాణలో అంతటి వాన అంతకుముందెన్నడూ నమోదు కాలేదనీ తరువాత పత్రికలలో చదివాను. హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగింది. దానికి దిగువన అప్పట్లో మాదొక అద్దె ఇల్లు. తెల్లవారుజామున నీరు గడప దాటింది. నేను చేసిన మొదటి పని ఎం.ఏ. పట్టా, తక్కిన సర్టిఫికెట్లు ఉన్న సంచిని తలపై పెట్టుకోవడం. రెండవది మా అమ్మ చేయి పట్టుకోవడం. (ఈ క్రమాన్ని రాయడానికి నాకు సిగ్గుగానే ఉన్నది.) పెరటిలో జామచెట్టుకు కట్టి ఉన్న మేక అరుస్తూనే ఉండింది. ఆ అరుపు నేను విన్నాను. వినలేదని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలాకాలం ప్రయత్నించాను.

ఆ మేకను అమ్మ ఊరినుంచి తెచ్చుకున్నది. నుదుట తెల్లని మచ్చ ఉన్నందున చాంద్‌నీ అని పిలిచేది. మా నాన్న పోయిన తరువాత ఆమె దినచర్య అంతా దాని చుట్టూనే తిరిగేది. మమ్మల్ని చేర్చిన ఫంక్షన్ హాలులో తల తుడుచుకుంటూ, "చాంద్‌నీని ఇప్పినవా బిడ్డా?" అని అడిగింది.

"ఇప్పిన అమ్మా" అన్నాను.

నీరు తీసిన తరువాత వెళ్లి చూశాము. గోడమీద బురద గీత నా రొమ్ము ఎత్తున ఉన్నది. మెడకున్న తాడు మూడడుగులు. అంతకంటే చెప్పడం అనవసరం. అమ్మ బురదలో కూర్చుని ఆ ముడిని తన చేతులతోనే విప్పింది. చాలాసేపు పట్టింది. "తడిసిన తలుగు బిగుస్తది" అని మాత్రం అన్నది. నన్నేమీ అనలేదు. ఈనాటికీ అనలేదు.

తలుగు అన్న మాట మా విద్యార్థులలో చాలామందికి తెలియడంలేదు. పుస్తకాలలో పలుపు అని కనిపించేదీ ఇదే, పశువును కట్టే తాడు.

సరిగ్గా ఆ తెల్లవారుజామునే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. జనం డాబాలమీదికీ, చెట్లమీదికీ ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి వారిని రక్షించాయి. నలుగురు వరదలో కొట్టుకుపోయారు. పశువులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. నిద్రలో లేచి పసిపిల్లలను ఎత్తుకొని పరుగెత్తినవారికి కొట్టం వరకు వెళ్లే వ్యవధి ఎక్కడిది? వారికీ నాకూ పోలికలేదు. నా దగ్గర సంచి వెతుక్కునేంత వ్యవధి ఉండింది.

బర్రె నీటి జంతువు వంటిది, చక్కగా ఈదుతుంది. ఆవులు, ఎద్దులు కూడా ఈదగలవు. మేకలు, గొర్రెలు త్వరగా అలసిపోతాయి, గొర్రెకు తడిసిన ఉన్ని బరువు అదనం. అయినా విప్పి వదిలితే ఏదో ఒక మిట్ట వెదుక్కుంటాయి. కట్టుగొయ్యకు పొట్టి తాడుతో ఉన్న జంతువుకు ఈత వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే. అందుకే వరద సమయంలో పశువులను విప్పివేయమని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా సూచిస్తుంది. ఒక్క లాగుకు ఊడివచ్చే జారుముడి వేయడం, కొట్టం గుంజకు ఒక కొడవలి వేలాడదీయడం, వానాకాలానికి ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించడం — ఖర్చు లెక్కన చూస్తే ఇవి ఏపాటివి?

చనిపోయిన పశువుకు పరిహారం ఉన్నది. 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన నిబంధనలలో పాడిబర్రెకు, ఆవుకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, మేకకు, గొర్రెకు 4,000. దరఖాస్తు పెట్టమని పక్కింటివారు కాగితం తెచ్చి ఇచ్చారు. మరణకారణం వరద అని రాయాలి. కలం పట్టుకొని కూర్చున్నాను కానీ ఆ మాట రాయడానికి నా చేయి రాలేదు.

ఆ పక్కింటి పెద్దాయన సంగతి కూడా చెప్పాలి. పడవలో కుక్కలకు చోటులేదన్నారని తన రెండు కుక్కలతో సాయంత్రం దాకా డాబామీదనే తడుస్తూ కూర్చున్నాడాయన. మనుషులనే చేర్చలేక సతమతమవుతున్న పడవవారిని నేను తప్పుపట్టను. మేమందరం ఆయనకు మతి చలించిందనుకున్నాము. 2005లో కత్రీనా తుఫానుకు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరం మునిగినప్పుడు కూడా, పెంచుకున్న కుక్కలను, పిల్లులను వదలిరాలేక ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారట. పెంపుడు జంతువులను కూడా లెక్కలోకి తీసుకొని రక్షణ ప్రణాళికలు వేయాలని మరుసటి ఏడాదే అక్కడ శాసనం చేశారు. మన పునరావాస కేంద్రాలలో ఒక మూల నాలుగు గుంజలు పాతి, ఒక రేకు కప్పు వేస్తే ఎందరు ముసలివాళ్లు సకాలంలో ఇల్లు కదులుతారో!

చిన్నప్పుడు మా నానమ్మ ఒక హదీసు చెప్పేది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, నేలమీద దొరికినదేదో తినడానికి దానిని వదలనూ వదలక చంపి నరకానికి పాత్రురాలయిందని. అది ఆకలి కథ అనుకునేవాణ్ణి. ఆ స్త్రీ తిండి పెట్టకపోయినా, వదిలివేసి ఉంటే పిల్లి బతికేదన్న రెండవ సగం నా చెవిని దాటిపోయింది.

మరుసటి ఏడాది అమ్మకు మరొక మేకపిల్లను తెచ్చి ఇచ్చాను. దానికింకా పేరు పెట్టలేదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు, ఖమ్మం వైపు వాగులన్నీ ఏకమైన ఆ ముందురాత్రి మాకూ ఎడతెగని వానే. అర్ధరాత్రి గొడుగు తీసుకొని పెరట్లోకి వెళితే, జామచెట్టు కింద తలుగు ఒట్టిదే వేలాడుతున్నది. కంగారుపడి వెనుదిరిగి చూద్దును గదా, వంటింట్లో దీపం వెలుగుతున్నది. గడప దగ్గర అమ్మ, ఆమె ఒడిలో తల పెట్టుకొని మేకపిల్ల. "నువ్వు పండుకో బిడ్డా, నేనే ఇప్పిన" అన్నది.