బాబాయ్ సంగతి

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. పని ఎక్కువై కాదు, మనసు బాగోలేక రాయలేదు.

ప్రెస్సులో నీకు ప్లేటు ఎక్కించడం నేర్పిన బాబాయ్ గుర్తున్నాడుగా. ఈ వానల్లో కాగితం కట్టలు వరండాలోనే విప్పించాడు. చెమ్మకి కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడక రెండు వేల షీట్లు పోయాయి. కట్టలు ముందురోజే మెషిన్ గదిలో పెట్టి, విప్పకుండా ఉంచమని వారం ముందే చెప్పాను. కుర్రాళ్లందరి ముందూ ఆ మాటే గట్టిగా అడిగాను. "ముప్పయ్యేళ్లుగా ఇలాగే చేస్తున్నా. కాగితమే నాసిరకం" అన్నాడు. మర్నాడు ప్లేటు బాగోలేదన్నాడు. అబద్ధమాడుతున్నాడనుకున్నాను. కాదురా, నిజంగానే నమ్ముతున్నాడు.

వియన్నా ఆసుపత్రిలో పనిచేసిన సెమ్మెల్‌వైస్ గురించి చదివాక అది అర్థమైంది. 1847లో ఆయన, కాన్పు చేసే డాక్టర్లు ముందు క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు పోయిన వార్డులో జూన్‌కల్లా ఆ లెక్క రెండుకి దిగింది. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, అన్నేళ్లూ ఆ తల్లుల ప్రాణాలు తీసింది తమ చేతులేనని తేలుతుంది. అనుభవం ఎంత ఎక్కువైతే ఆ బరువు అంత ఎక్కువ. చివరికి ఆయన బహిరంగ లేఖల్లో వాళ్లని హంతకులన్నాడు. ఆ మాట పడ్డాక ఎవరు దిగొస్తారు? 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు.

నా సంగతి ఇంకా చెప్పలేదు. ఆరోజు నుంచీ బాబాయ్ ఎప్పుడు ఆలస్యంగా వచ్చాడో, ఎక్కడ తడబడ్డాడో నోటుపుస్తకంలో రాస్తున్నాను. అంతకుముందు ఒక్కనాడూ రాయలేదు. నలుగురిలో పెద్దవాడి పరువు తీశాను కదా, ఆయన అందుకు తగినవాడేనని నాకు నేనే రుజువు చేసుకుంటున్నాను. చేసిన పనికీ, మన గురించి మనం అనుకునేదానికీ పొసగనప్పుడు మనసు పడే ఈ ఇబ్బంది మీద లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1957లోనే పుస్తకం రాశాడు. బాబాయ్ కాగితాన్ని తప్పుపట్టాడు, నేను బాబాయ్‌ని.

నిన్న ఆ పేజీలు చింపేశాను. రేపు ఆ కుర్రాళ్ల ముందే, అలా అనడం నా తప్పని చెబుతాను. కట్టల విషయం మాత్రం వదలను. వానల్లో కాగితం ఎలా కాపాడాలో వాళ్లకి నేర్పే పని ఆయనకే అప్పగిస్తాను.

నువ్వు కూడా బాబాయ్‌కి నాలుగు ముక్కలు రాయి. షీట్ల మాట ఎత్తకు.

నీ
బావ