లేపాక్షి

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, తాబేటి వీపును బోలిన రాతిగుట్టపై లేపాక్షి వీరభద్రాలయము నెలకొనియున్నది. కావుననే యా గుట్టను కూర్మశైల మందురు. పూర్వము అనంతపురము జిల్లాకు జెందిన యీ గ్రామము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో జేరినది. చుట్టును రాతిగుట్టలు, వేరుసెనగ చేలు, వానకై యెదురుచూచు చెఱువులు. పాత జిల్లాలో సాలునకు సగటున గురియు వర్షము 55 సెంటీమీటర్ల ప్రాంతమే. ఇట్టి కఱవుసీమలో నింతటి శిల్పసంపద యెట్లు వెలసెనా యని మేము విస్మయమందితిమి.

అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ లను సోదరులు దీనిని గట్టించిరని ప్రసిద్ధి. కోశాధికారియగు విరూపణ్ణ రాజాజ్ఞ లేక ధనము వెచ్చించెననియు, శిక్షకు ముందే తన కన్నులు తానే పెఱికి గోడకు విసరెననియు జనులు చెప్పుదురు. అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమంటపము చెంత గోడపై నెఱ్ఱని మరకలను నేటికిని జూపుదురు. రాముడు జటాయువును “లే, పక్షీ!” యని పిలిచినందున నీ పేరు వచ్చినదని మఱియొక గాథ.

ఒక బండపై సీతమ్మ పాదమని చెప్పు పెద్ద గుర్తు గలదు. అందు నీరెన్నడు నింకదని నమ్మకము. బిందెడు నీటికై దూరము నడచిన స్త్రీలున్న సీమలో, తల్లి పాదమున నీరూరునను కథ పుట్టుట వింతగాదు.

ఏడుపడగల నాగలింగము కథ మాత్రము మా మనస్సును నొప్పించినది. తల్లి వంట ముగించునంతలో శిల్పులు దానిని జెక్కిరట. ఆమె యచ్చెరువొంది చూడగా దృష్టి తగిలి రాయి పగిలినదట! రాయి పగులుటకు కారణము లెన్నియో యుండవచ్చును. బిడ్డల నేర్పు జూచి మురిసిన కన్నునకా యీ నింద? ఆమె వండిన యన్నమే గదా వారి యులికి బలమిచ్చినది! ఈ కథను మన పిల్లలకు జెప్పునపుడు ఆ మాటయు జేర్చి చెప్పుదము.

వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రము దూర్చి తీసిన శుభమని స్త్రీలు వరుసగా నిలుతురు. వారొకసారి తలయెత్తి పైకప్పును జూడవలెను. ద్రౌపదీ స్వయంవరము, కిరాతార్జునీయము, పార్వతీ కల్యాణము నచ్చట వర్ణచిత్రములై యున్నవి. ఆ స్త్రీమూర్తుల చీరల యంచులు, పువ్వులు, గళ్లు నేటి నేతగాండ్రకును మాదిరులే. రంగులు కొన్నియెడల వెలిసి, గచ్చు రాలినది. చేత దాకక కన్నులార జూచి రండు. వెలుపల 15 అడుగుల యెత్తు, 27 అడుగుల పొడవుగల యేకశిలా నందిని దర్శించుట మఱువకుడు.