తిరుగు దారిలో తుప్పు

ఆర్‌వీ అంటే చక్రాల మీది ఇల్లు. దానిలో రెండు రకాల కరెంటు ఉంటుంది. ఎయిర్ కండిషనర్, మైక్రోవేవ్ 120 వోల్టుల మీద నడుస్తాయి. దీపాలకు, నీళ్ల పంపుకు 12 వోల్టుల బ్యాటరీ చాలు. క్యాంపుగ్రౌండులో బయటి ప్లగ్గు తగిలిస్తే కన్వర్టరు అనే పెట్టె ఆ 120 వోల్టులను సుమారు 13.6 వోల్టుల డీసీగా మార్చి దీపాలు వెలిగిస్తుంది, బ్యాటరీనీ చార్జి చేస్తుంది. ప్లగ్గు ఉన్నంతసేపు బాగా వెలిగి, తీయగానే అన్ని దీపాలూ మసకబారితే ముందు బ్యాటరీనే చూడాలి. బండిలో ఒక్క మూలే మసకగా ఉంటే తప్పు బ్యాటరీది కాదు.

అమెరికాలో ఈ బళ్లు ఎక్కువగా తయారయ్యేది ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల. ఆ ఊరి శివార్లలో ఒక రిపేరు షెడ్డుకు మేం వెళ్లేసరికి ఒక పాత ట్రైలరు పనిలో ఉంది. దాని వెనక పడకగదిలో నాలుగు బల్బులు నూనె అయిపోవచ్చిన ప్రమిదల్లా ఎర్రగా మిణుకుమంటున్నాయి. వంటగట్టు మీది దీపాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. యజమాని అప్పటికే బల్బులు రెండుసార్లు మార్చి, కొత్త బ్యాటరీ కూడా కొన్నాడట. డబ్బు ఖర్చయింది గానీ వెలుతురు పెరగలేదు.

మెకానిక్కు మొదట ఫ్యూజుల పెట్టె తెరిచాడు. నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజు బాగానే ఉంది. తర్వాత ఒక బల్బు ఊడదీసి, ఖాళీ హోల్డరులో మీటరు పెట్టాడు. మిగతా మూడూ ఆపే ఉన్నాయి. మీటరు 12.6 చూపించింది. చాలామంది మోసపోయేది ఇక్కడే. కరెంటు పారనప్పుడు దారిలో ఎంత తుప్పున్నా వోల్టేజీ తగ్గదు, మీటరు అంతా బాగుందనే చెబుతుంది. దీపాలు వెలుగుతుండగా చూడాలి. బల్బు పెట్టి నాలుగూ వెలిగిస్తే అదే హోల్డరులో 9.8 వోల్టులే వచ్చాయి. అంటే 2.8 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

ఎటు పోతున్నాయో తేల్చడానికి మీటరుకు ఒక పొడవాటి వైరు కలిపారు. బ్యాటరీ ప్లస్సు నుంచి హోల్డరు ప్లస్సు దాకా కొలిస్తే తేడా 0.3. బ్యాటరీ మైనస్సు నుంచి హోల్డరు మైనస్సు దాకా 2.5. నష్టం దాదాపు అంతా తిరుగు దారిలోనే, అంటే ఎర్త్ వైపే. చాలా ట్రైలర్లలో 12 వోల్టుల ప్లస్సు నలుపు వైరు, ఎర్త్ తెలుపు. ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు అని అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడ తడబడుతుంది.

తెల్ల వైరు వెంట వెళ్తే అది బండి అడుగున ఛాసిస్‌కు ఒక్క స్క్రూతో బిగించి ఉంది. చక్రాలు చిమ్మిన నీళ్లకు స్క్రూ తల గోధుమరంగు పొక్కులు కట్టింది. విప్పితే వైరు చివరి రింగు కింద ఇనుము కనబడలేదు, పొడి రాలింది. ఆ పొడి అడ్డు అర ఓమ్‌కు దగ్గర. వినడానికి ఎంతో లేదు. కానీ 18 వాట్ల పాత తరహా బల్బు ఒక్కొక్కటీ ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది. అలాంటివి నాలుగు కలిసినప్పుడు అర ఓమే గండి కొడుతుంది. ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశారు. పడకగది తెల్లగా వెలిగింది.

ఫ్యూజు వేసిన వెంటనే కొట్టేస్తుంటే అది వేరే జబ్బు. ఎక్కడో షార్టు ఉన్నట్టు. పెద్ద ఫ్యూజు వేయడం వైరును కాల్చుకోవడమే. ఫ్యూజు స్థానంలో టెస్ట్ ల్యాంపు తగిలిస్తే షార్టు ఉన్నంతసేపు అది నిండుగా వెలుగుతుంది. స్విచ్చులు ఆపి, దీపాలను ఒక్కొక్కటే విప్పుతూ పోతే ఏది విప్పగానే ల్యాంపు ఆరుతుందో దోషం అక్కడే. ఏది విప్పినా ఆరకపోతే దోషం వైరులోనే ఉంది. గోడ పలకకు కొట్టిన స్క్రూ వైరులో దిగడం మామూలే.

ఎల్‌ఈడీ బల్బుల్లో కొన్ని ప్లస్సు, మైనస్సు తిరగబడితే వెలగవు. తిప్పి పెడితే సరి. అయితే అవి రెండు మూడు వాట్లే తింటాయి కాబట్టి ఎర్త్ తుప్పును దాచేస్తాయి. ఆ ట్రైలరులో ముందే ఎల్‌ఈడీలు వేసి ఉంటే దీపాలు బాగానే కనిపించేవి. అదే ఎర్త్ మీద ఉన్న కప్పు ఫ్యాను వేసినప్పుడు మాత్రమే ఫ్యాను నీరసంగా తిరిగేది, దీపాలూ కాస్త తగ్గేవి.