చెయ్యి కదిలితేనే అందం!

'కదలకండి... రెడీ... స్మైల్!' ఫొటో స్టూడియోలో ఈ మాట వినని కుటుంబం ఉండదు. చెయ్యి కాస్త వణికిందా, ఫొటో పాడైనట్టే. అలాంటిది, కావాలనే కెమెరాను ఊపుతూ ఫొటో తీస్తే? రంగులు కూడా తీసేసి నలుపు తెలుపుల్లో చూపిస్తే? చెట్టు చెట్టులా ఉండదు. చెరువు చెరువులా ఉండదు. అయినా చూపు అక్కడే ఆగిపోతుంది. ఈ పద్ధతి పేరు 'ఇంటెన్షనల్ కెమెరా మూవ్‌మెంట్'. ముద్దుగా ఐసీఎం. దీన్ని సాధన చేయడానికి ఊటీకో కశ్మీర్‌కో పోనక్కర్లేదు. సికింద్రాబాద్ శివారులోని యాప్రాల్ చాలు!

గోడల మధ్య పచ్చదనం

సైనిక్‌పురి దాటితే యాప్రాల్. ఓ పక్క సైనిక స్థావరాల పొడవాటి గోడలు. మరో పక్క పదవీ విరమణ చేసిన సైనికులు కట్టుకున్న ఇళ్లు, వాటి నడుమ లేచిన అపార్ట్‌మెంట్లు. ఆ సందుల్లోనే వేపలు, తుమ్మలు, తాళ్లు, ఏనుగుల్లా కూర్చున్న గుండ్లు. తెలంగాణ పల్లెల్లో వేపను 'యాప' అనే అంటారు. అందుకేనేమో, ఊరి పేరు పలికినప్పుడల్లా ఆ చెట్టే గుర్తొస్తుంది.

తెల్లవారుజామున కెమెరా పట్టుకుని బయల్దేరితే మొదట చిరాకే. ఏ చెట్టుకు గురిపెట్టినా దాని వెనక ఓ నీళ్ల ట్యాంకో, కరెంటు తీగో, ప్రహరీ గోడో! వాటిని తప్పిస్తూ ఫొటో తీయడం గగనం. చెయ్యి కదపడంలోని కిటుకు అక్కడే అక్కరకొస్తుంది.

ఏది నిలుస్తుంది? ఏది కరుగుతుంది?

మామూలుగా పగటి ఫొటోకి షట్టర్ సెకనులో వందో వంతు, అంతకన్నా తక్కువ సేపే తెరుచుకుంటుంది. ఐసీఎంలో పావు సెకను నుంచి ఒక సెకను దాకా తెరిచి ఉంచుతారు. ఆ కాసేపట్లో కెమెరాను ఏ దిశలో కదిపితే ఆ దిశలో ఉన్న గీతలు నిలుస్తాయి. అడ్డొచ్చేవి కరిగిపోతాయి. సూత్రం ఇంతే.

వేప మానుకి ఎదురుగా నిలబడి కెమెరాను పైనుంచి కిందికి దించారనుకోండి. నిటారుగా ఉన్న మాను నల్లటి గీతగా నిలుస్తుంది. అడ్డంగా సాగే కరెంటు తీగలు మాయం. గోడ అంచు చెరిగి పొగమంచులా మారుతుంది. పక్కనే ఉన్న కాప్రా చెరువు దగ్గరైతే ఎడమ నుంచి కుడికి కదపాలి. గట్టు, నీళ్లు, ఆకాశం... మూడు పట్టీలుగా విడిపోతాయి. గుండ్లు మాత్రం ఓ పట్టాన లొంగవు. వాటికి సూటి గీతలుండవు కదా! మణికట్టును కొద్దిగా వంపుగా తిప్పితే ఆ గుండ్రని అంచు కాస్త చిక్కుతుంది.

ఎండలో అంతసేపు షట్టర్ తెరిస్తే ఫొటో తెల్లగా పాలిపోతుంది. అందుకే ఐఎస్ఓ 100కి తగ్గించి, అపర్చర్ ఎఫ్16కో ఎఫ్22కో పెట్టుకోవాలి. లెన్స్ ముందు నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే ఇంకా మంచిది. వణుకును సరిదిద్దే స్టెబిలైజర్‌ని ఆపేయాలి. బటన్ నొక్కకముందే కదలిక మొదలవ్వాలి, షట్టర్ మూసుకున్నాకే ఆగాలి. పాతిక ముప్ఫై తీస్తే ఒకటి కుదిరినా అదృష్టమే.

మరి రంగులెందుకు వద్దు? ఆకుపచ్చ కనిపించగానే కన్ను 'ఓహో, చెట్టు' అని తేల్చేసుకుని ముందుకెళ్లిపోతుంది. ఎక్కడో ఎగిరే ఎర్ర ప్లాస్టిక్ కవరు చూపునంతా లాగేసుకుంటుంది. రంగు పోతే మిగిలేది వెలుగు, నీడ మాత్రమే.

దీన్‌దయాళ్ నుంచి దాకా...

కెమెరా కదలకూడదన్న పట్టుదల మనకు పాతదే. ఆరో నిజాం మెచ్చిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) స్టూడియో సికింద్రాబాద్‌లోనే ఉండేది. బరువైన కెమెరాను స్టాండుపై బిగించి, గాజు పలకల మీద ఆయన తీసిన కోటలూ దర్బార్లూ ఇప్పటికీ చెక్కుచెదరని స్పష్టతతో కనిపిస్తాయి.

పడమటి దేశాల్లో కొందరు ఇంకో దారి పట్టారు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922 నుంచి మేఘాలను నలుపు తెలుపుల్లో తీస్తూ వచ్చారు. వాటిలో చాలావాటికి నేలా ఉండదు, దిక్కూ తెలియదు. మనసులోని భావానికి అవి సరిసమానమంటూ 'ఈక్వివలెంట్స్' అని పేరు పెట్టారు. 1950ల్లో ఎర్నెస్ట్ హాస్ స్పెయిన్ ఎద్దుల పోరును నెమ్మది షట్టర్‌తో, రంగుల్లో తీశారు. ఎద్దు, మనిషి, దుమ్ము అన్నీ కలిసిపోయిన ఆ ఫొటోలు చూశాక చెదిరిన బొమ్మ తప్పు కాదని చాలామందికి అర్థమైంది.

అందం వెనక చిక్కు

ఇక్కడే ఓ చిక్కుంది. కరెంటు తీగను మాయం చేసిన కదలికే గట్టు మీది చెత్తనూ మాయం చేస్తుంది. చెరువును కమ్మేసిన గుర్రపు డెక్క కూడా ఫొటోలో వెండి జరీ అంచులా మెరిసిపోతుంది! ఎక్కడ తీశారో, ఏ ఏడాది తీశారో ఆ బొమ్మ చెప్పదు.

హైదరాబాద్ చుట్టుపక్కల గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అపార్ట్‌మెంటు పునాది కోసం వాటిని పగలగొట్టడానికి కొద్ది రోజులు చాలు. మిగిలినవాటినైనా కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' పుట్టింది. రేపు ఎవరైనా 'అక్కడ గుండే లేదు' అంటే, చెదిరిన ఫొటో సాక్ష్యం చెప్పలేదు. దీన్‌దయాళ్ తీసినట్టు నిలకడగా తీసిన ఫొటోనే చెప్పాలి.

అందుకే యాప్రాల్ లాంటి చోట ఓ మంచి అలవాటు చేసుకోవచ్చు. ఒక్కో చోట రెండు ఫొటోలు. మొదటిది కదలకుండా... చెత్తతో, తీగలతో, తేదీతో సహా. రెండోది చెయ్యి కదుపుతూ. అక్కడ ఏముందో మొదటిది చెబుతుంది. ఆ పొద్దుటి వెలుగు ఎలా అనిపించిందో రెండోది చెబుతుంది. ఆల్బమ్‌లో రెండూ పక్కపక్కనే ఉండాలి.

ఒక్క జాగ్రత్త. ఇది సైనికుల ఇలాకా. రక్షణ శాఖ స్థలాలు, గేట్ల వైపు కెమెరా ఎత్తకూడదు. ఫొటోలు నిషిద్ధమన్న బోర్డు కనిపిస్తే పక్కకు తిరగడమే మేలు.

పెద్ద కెమెరా లేకపోయినా ఫర్వాలేదు. షట్టర్ వేగాన్ని మార్చుకునే వీలున్న సెల్‌ఫోన్ ఉంటే, వెలుగు తక్కువగా ఉండే వేకువనో మునిమాపునో ఇంట్లోవాళ్లంతా ప్రయత్నించొచ్చు. పిల్లాడు తీసిన వేపచెట్టు ఫొటో ఈసారి చెదిరిపోతే కోప్పడకండి. కాసేపు అలాగే చూడండి. ఆ తర్వాత, అదే చెట్టును కదలకుండా ఇంకొకటి తియ్యమనండి. వచ్చే ఏడాదికి ఆ చెట్టు అక్కడ ఉంటుందో లేదో ఎవరు చూడొచ్చారు!