కొట్టములోఁ బలకల నేల

మా కారు నిలుపు కొట్టములో సిమెంటు నేల నునుపై వానకు జాఱుచుండెను. అత్తగారొకనాఁ డచటఁ గాలు జాఱి పడిరి. అంతట నేను, కొక్కెములతో నొకదాని నొకటి పట్టుకొను గరుకు ప్లాస్టిక్ పలకలు తెప్పించితిని. వీనికి జిగురుతోఁ బనిలేదు, మేస్త్రీతోను బనిలేదు. మావారు కారులో బడికిఁ బోయిన పిమ్మట, ముందే కడిగి యారఁబెట్టిన నేలపైఁ బలకలను వాకిటినుండి వరుసగాఁ బఱచి, రబ్బరుసుత్తితోఁ దట్టితిని. గోడలయొద్ద నించుకంతయు సందు లేకుండ, సన్నని ఱంపముతోఁ గోసి యమర్చి మురిసితిని.

వైశాఖపుటెండకుఁ బలకలు సాగి, నడుమ నుబ్బి లేచినవి. అత్తగారి కాలు వానికే తగిలెను. గోడ పట్టుకొని నిలద్రొక్కుకొనిరి. నాకు గుండె ఝల్లుమనెను. ఆమె కోపింపక, “అమ్మాయీ, వానకుఁ దలుపుచెక్క యుబ్బునని వడ్రంగి సందు విడుచునుగదా, దీనికేల విడువవైతివి?” అనిరి.

మఱునాఁడే యంచుపలకలను దీసి, గోడల వెంబడి నరయంగుళము సందుండునట్లు కోసి, మరల నమర్చితిని. తరువాతి వేసవికి నేల యుబ్బలేదు. నేను లోపమని పూడ్చిన సందే పలకలకు రక్ష. మీరు పఱచునపు డా యరయంగుళమును మఱువకుఁడు.