తినేసి వచ్చాను

డెల్ఫ్ట్ స్టేషన్‌లో ట్రైన్ దిగి, ఎస్కలేటర్ మీద పైకి వస్తూ సీలింగ్ వైపు చూశాను. 1877 నాటి ఊరి మ్యాప్‌ని నీలం, తెలుపు రంగుల్లో పైకప్పు నిండా పరిచారక్కడ. ఆరేళ్ల కిందట ఈ స్టేషన్ నుంచే వెళ్లిపోయాను. మ్యాప్ అలాగే ఉంది. నా చేతిలో రెండు సూట్‌కేసులు కూడా అప్పటివే. అప్పుడు లోన్ మీద వచ్చిన స్టూడెంట్‌ని, ఇప్పుడు జీతం మీద వచ్చిన ఇంజినీర్‌ని. అంతే తేడా.

2017లో మాస్టర్స్ కోసం తెనాలి నుంచి మొదటిసారి ఇక్కడికి వచ్చాను. నాన్నది కిరాణా షాపు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. రెండేళ్లు చదివి, హైదరాబాద్ వెళ్లి ఉద్యోగంలో చేరాను. 2023లో లోన్ తీరింది, కాగితాలు ఇంటికొచ్చాయి. ఇప్పుడు కంపెనీ హేగ్ ఆఫీసుకి పంపింది. అక్కడే ఇల్లు చూసుకోమని అందరూ చెప్పారు. నేను మాత్రం ట్రైన్‌లో పావుగంట దూరంలో ఉన్న డెల్ఫ్ట్‌కే వచ్చాను. తెలిసిన ఊరు కదా అని వాళ్లకి చెప్పాను. అసలు సంగతి ఏంటంటే, ఈ ఊరు నాకు కొన్ని కుర్చీలు బాకీ.

డెల్ఫ్ట్ నడి ఊళ్లో బేస్టన్‌మార్క్ట్ అని ఒక చౌక్ ఉంది. ఒకప్పుడు పశువుల సంత జరిగిన చోటు. ఇప్పుడు చుట్టూ రెస్టారెంట్లు, మధ్యలో పెద్ద చెట్లు, వాటి కింద టేబుళ్లు. కాస్త ఎండ వస్తే చాలు, ఊరంతా అక్కడే. రెండేళ్ల పాటు ఆ పక్క నుంచే సైకిల్ మీద వెళ్లేదాన్ని. ఒక్కసారి కూడా కూర్చోలేదు. అప్పట్లో యూరో 80 రూపాయల దగ్గర ఉండేది. మెనూలో 18 యూరోలు అని కనిపిస్తే నా కళ్లకి 1,440 అని కనిపించేది. అంత లాభం రావాలంటే నాన్న ఎన్ని కిలోల కందిపప్పు తూచాలో నాకు తెలుసు.

క్లాస్‌మేట్స్ వారానికోసారి బయట తిందామని పిలిచేవాళ్లు. మొదట్లో వెళ్లేదాన్ని. ఉత్త నీళ్లు తాగుతూ కూర్చునేదాన్ని. "ఏం తినవా?" అని అడిగితే "తినేసి వచ్చాను" అని చెప్పేదాన్ని. పక్కవాళ్ల ప్లేటు వైపు చూడకుండా రెండు గంటలు నవ్వుతూ కూర్చోవడం ఎంత కష్టమో ఒకసారి ట్రై చేసి చూడండి. కొన్నాళ్లకి వెళ్లడమే మానేశాను. రూమ్‌లో బ్రెడ్ మీద పీనట్ బటర్ రాసుకుంటుంటే అమ్మ ఫోన్. "ఏం తిన్నావే?" "అన్నం, పప్పు, వంకాయ కూర." ఇక్కడ ఫ్రెండ్స్‌కి ఒక అబద్ధం, అక్కడ అమ్మకి ఇంకో అబద్ధం. రెండూ తిండి గురించే.

నా పక్క రూమ్‌లో ఇటలీ అబ్బాయి ఉండేవాడు. కిచెన్ ఇద్దరికీ కామన్. ఎన్నిసార్లు కాదన్నా పిలవడం మానలేదు. 2019లో వాడి థీసిస్ పూర్తయిన రోజు బేస్టన్‌మార్క్ట్‌లో ఆరుగురికి టేబుల్ బుక్ చేశాడు. "ఈ ఒక్కరోజు రా" అన్నాడు. "అయ్యో, ఇప్పుడే తినేశాను" అన్నాను. రాత్రి పదకొండింటికి కిచెన్‌లో నిలబడి మ్యాగీ తింటుంటే వాడు తిరిగొచ్చాడు. గిన్నె వైపు చూశాడు. నా వైపు చూశాడు. గుడ్ నైట్ చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

అందుకే ఈసారి వచ్చిన మొదటి శనివారమే బేస్టన్‌మార్క్ట్‌కి వెళ్లాను. చెట్టు కింద టేబుల్ చూసుకుని కూర్చున్నాను. చేప, దాంతో పాటు వేయించిన బంగాళదుంపలు, సలాడ్. 24 యూరోలు. ఇప్పుడు యూరో వంద చుట్టూ ఉంది కాబట్టి లెక్క ఇంకా సులువు, పక్కన రెండు సున్నాలు పెట్టుకోవడమే. జీతం యూరోల్లో వస్తున్నా నా బుర్ర ఇంకా తెనాలి షాపు గల్లాపెట్టె దగ్గరే ఉంది. చేప బాగుంది. కానీ పదిహేను నిమిషాల్లో తినడం అయిపోయింది. చుట్టూ చూస్తే వేరే టేబుళ్ల మీద ప్లేట్లు ఎప్పుడో ఖాళీ అయ్యాయి, మనుషులు మాత్రం లేవట్లేదు. నాకు బాకీ ఉన్న కుర్చీ దొరికింది. ఎదుటి కుర్చీలో బ్యాగ్ పెట్టుకున్నాను.

మర్నాడు నా పాత రోటీ షాపుకి వెళ్లాను. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు నెలకోసారి నేను డబ్బిచ్చి తిన్న ఒకే ఒక్క చోటు అది. సురినామ్ వాళ్లది. సురినామ్ దక్షిణ అమెరికాలో ఉన్న దేశం, ఒకప్పుడు డచ్ కాలనీ. అక్కడి చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను తీసుకెళ్లారు. కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే మొదటి ఓడ 1873 జూన్‌లో అక్కడికి చేరింది. 1916 దాకా 34 వేల మందికి పైగా వెళ్లారు. 1975లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు చాలా కుటుంబాలు నెదర్లాండ్స్‌కి వచ్చేశాయి. వాళ్లతో పాటు రోటీ కూడా. పప్పు పొడి కూరి చేసిన పల్చటి రొట్టె, చూస్తే తీపి లేని బొబ్బట్టు అనిపిస్తుంది. పక్కన మసాలా చికెన్, బంగాళదుంప, పొడవాటి అలసంద కాయల కూర, ఉడికించిన గుడ్డు. చేత్తోనే తినాలి. కౌంటర్ దగ్గరి ఆంటీకి తెలుగు రాదు, నాకు డచ్ రాదు. అయినా నా చెయ్యి చూసి అప్పుడప్పుడు ఇంకో రొట్టె వేసేది. వద్దంటే వినేది కాదు.

ఈసారి కౌంటర్‌లో ఎవరో కుర్రాడు ఉన్నాడు. అదే రోటీ, అదే కారం. తింటూ తింటూ ఫోన్ తీసి, ఆరేళ్లుగా పుట్టినరోజు మెసేజ్‌లు తప్ప ఏమీ లేని ఒక చాట్ ఓపెన్ చేశాను. "డెల్ఫ్ట్‌కి వచ్చేశాను. ఇంకా తినలేదు. వస్తావా?" అని ఇటలీ అబ్బాయికి పంపాను. వాడు ఇప్పుడు పక్కనే రాటర్‌డామ్‌లో పని చేస్తున్నాడు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి వచ్చాడు. జుట్టు కాస్త తగ్గింది, గొంతు తగ్గలేదు. రోటీ చేత్తో ఎలా తుంచాలో చూపించాను. సగం కూర చొక్కా మీద పోసుకున్నాడు. కాసేపటికి ధైర్యం చేసి ఆ మ్యాగీ రాత్రి గురించి కదిపాను.

"ఆ రోజు నేను తినలేదు. డబ్బుల్లేక రాలేదు."

వాడు తినడం ఆపాడు. "నేనంటే నీకు ఇష్టం లేదనుకున్నాను. మాతో కూర్చోవడం కంటే ఒంటరిగా నూడుల్స్ తినడమే నయం అనుకున్నావని" అన్నాడు. తర్వాత, "చెప్పొచ్చుగా. నా దగ్గరా డబ్బుల్లేవు. అందరం ఇంట్లోనే పాస్తా వండుకునేవాళ్లం" అన్నాడు.

నాకు చాలాసేపు ముద్ద దిగలేదు.

ఈ దేశంలో భోజనం అవ్వగానే టిక్కీ యాప్‌లో ఎవరి వాటా ఎంతో సెంట్లతో సహా లింక్ వస్తుంది. కాఫీకి కూడా. అప్పట్లో అది చూసి పిసినారితనం అనుకుని నవ్వుకునేదాన్ని. నా క్లాస్‌లో డచ్ అమ్మాయిలు "ఈ నెల నా వల్ల కాదు, డబ్బు అయిపోయింది" అని అందరి ముందూ మామూలుగా చెప్పేవాళ్లు. ఎవరూ జాలిపడేవాళ్లు కాదు, "సరే, అయితే మా ఇంట్లో తిందాం" అనేవాళ్లు. నేను కూడా ఆ ఒక్క మాట అనొచ్చు. కానీ మన దగ్గర లేదని చెప్పడం అంటే పరువు తక్కువ కదా. ఆ పరువుని సూట్‌కేసులో సర్దుకుని ఇంత దూరం మోసుకొచ్చాను. అది నాకు 1,440 రూపాయల కన్నా ఎక్కువే ఖర్చు పెట్టించింది.

ఈ ఏడాది లోన్ మీద ఎక్కడికో బయల్దేరుతున్న వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే చెప్తాను. బయట తినకపోయినా ఫర్వాలేదు, కొంప మునగదు. కానీ "తినేసి వచ్చాను" అనకండి. "డబ్బుల్లేవు, మా రూమ్‌కి రండి, పులిహోర కలుపుతా" అనండి.

ఆ రోజు బిల్లు నేనే కట్టాను. వాడు ఫోన్ తీసి "టిక్కీ పంపు" అన్నాడు. "పంపను. ఇది థీసిస్ పార్టీ, ఆరేళ్లు లేటు" అన్నాను.

కాలువ పక్కన నడుస్తూ ఇంటికి ఫోన్ చేశాను. తెనాలిలో రాత్రి పదకొండున్నర దాటింది. నాన్న మేలుకునే ఉన్నారు.

"తిన్నావా తల్లీ?"

"తిన్నాను నాన్నా. బయట. ఫ్రెండ్‌తో."

"ఎంతయింది?"

మామూలుగా అయితే సగం చేసి చెప్పేదాన్ని. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, రూపాయల్లోనే. అటువైపు కాసేపు చప్పుడు లేదు. లెక్క వేసుకుంటున్నారని నాకు తెలుసు.

"సరేలే," అన్నారు చివరికి. "కడుపు నిండిందా?"

"నిండింది నాన్నా."